మూడు నిమిషాల పెద్దకూర



పెద్దకూర పొయ్యి మీద పెట్టారనగానే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న, "ఎన్ని విజిల్స్?" ఆరు చాలంటారు ఒకరు. లేతదైతే ఆరు, ముదురైతే పది అంటారు ఇంకొకరు. కుక్కర్లు రాకముందు కట్టెల పొయ్యి మీద మట్టికుండలో పొద్దు వాలేదాకా ఉడికేది. ఆ కూర రుచిని నేనేమీ తక్కువ చేయబోవడం లేదు. కానీ ఆఫీసు నుంచి ఏడున్నరకు ఇల్లు చేరి, ఎనిమిదింటికల్లా కంచాలు పెట్టాల్సిన రోజున విజిళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? ఇవాళ చెప్పబోయేది, మాంసం కోసి సిద్ధం చేసే పని ముందే ముగించుకుంటే, అలాంటి రోజుకు పనికొచ్చే వంట. పల్చగా కోసిన పెద్దకూర, క్యాప్సికమ్, క్యారెట్, బీన్స్, ఉల్లిపాయ కలిపి పెద్ద మంట మీద గబగబా వేయించి దింపేయడం. చైనా వాళ్ల పద్ధతి ఇది. హోటల్ మెనూల్లో స్టిర్ ఫ్రై అని రాసి ఉంటుంది. మాంసం మంట మీద ఉండేది మొత్తం మూడు నిమిషాలు.

మూడు నిమిషాల్లో పెద్దకూర ఉడుకుతుందా అని మీలో కొందరు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. మెత్తగా ఉడకదు. మనం ఉడికించం కూడా. ఈ వంటలో ఉన్న కిటుకంతా అక్కడే ఉంది కాబట్టి ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

అంతకంటే ముందు ఒక మాట. పెద్దకూర తినని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు రేడియో కట్టేయనక్కర్లేదు. కోడిమాంసం, రొయ్యలు, పనీర్, పుట్టగొడుగులు, వేటితోనైనా ఇదే పద్ధతి నడుస్తుంది. ఇక తినేవాళ్లలో కొందరు దాని పేరు గొంతు తగ్గించి చెబుతారు. రేడియోలో గొంతు తగ్గిస్తే వినపడదు, అంచేత నేను మామూలు గొంతుతోనే చెబుతున్నాను.

మన దగ్గర దొరికేది ఏ మాంసమో ముందు తెలుసుకోవాలి. గోవధను నిషేధించే చట్టం మనకు 1977 నుంచీ ఉంది. కాబట్టి మన మార్కెట్లలో బీఫ్ అనీ, పెద్దకూర అనీ, బడే కా గోష్త్ అనీ అమ్మేది చాలావరకు గేదె, దున్నపోతు మాంసం. ఇంగ్లిషు వంటల పుస్తకాల్లో రాసేది ఆవు జాతి మాంసం గురించి. రెండింటికీ తేడా ఉంది. గేదె మాంసం ముదురు ఎరుపు. కొవ్వు తెల్లగా ఉంటుంది, ఆవు కొవ్వులా పసుపు పచ్చగా ఉండదు. కండ మధ్యలో కొవ్వు చారలు చాలా తక్కువ. పైగా మన దగ్గర కోతకు వచ్చేవి చాలావరకు పాడి అయిపోయిన గేదెలు, వయసు మీరిన పశువులు. పనిచేసి పనిచేసి బిగిసిన కండ అది. విదేశీ వీడియో చూసి అందులో చెప్పినట్టే అక్షరాలా చేసినా మన ముక్క గట్టిగా మిగిలిపోవడానికి కారణం మీ చేతి లోపం కాదు. ఆ కొలతలు వేరే పశువుకు రాసినవి.

ఇప్పుడు గట్టిదనం సంగతి. మాంసమంటే సన్నటి కండపోగుల కట్ట. ఆ పోగులను పట్టి ఉంచేవి తెల్లటి పలుచని పొరలు, వాటిలో ఉండేది కొలాజెన్ అనే మాంసకృత్తు. వేడి తగిలితే పోగుల తీరు ఒకటి, పొరల తీరు ఒకటి. పోగులు 50 డిగ్రీల దగ్గర బిగుసుకోవడం మొదలుపెడతాయి. 60 దాటాక పొరలు కూడా ముడుచుకుని లోపలున్న నీటిని బయటికి పిండేస్తాయి. అక్కడే ఆపేస్తే మిగిలేది ఎండిపోయి బిగిసిపోయిన ముక్క. కానీ అదే ముక్కను తడిలో, 70 డిగ్రీలకు పైన, గంటల తరబడి ఉంచితే ఆ పొరలు నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారతాయి. అప్పుడు పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా విడిపోతాయి. వేలితో నొక్కితే విడిపోయే పాయా, నహారీ రహస్యం ఇదే.

అంటే మాంసం మెత్తగా ఉండే సమయాలు రెండు. ఒకటి మొదటి రెండు మూడు నిమిషాలు, పోగులు పూర్తిగా బిగుసుకోకముందు. రెండోది కుక్కర్ లేని లెక్కన గంటన్నర, రెండు గంటల తర్వాత, పొరలు కరిగాక. ఈ రెండింటి నడుమ ఎప్పుడు దింపినా దవడలు నొప్పెడతాయి. పది నిమిషాలు వేయించి, ముక్క గట్టిగా ఉందని మరో పది నిమిషాలు వేయించి, ఇంకా గట్టిగా ఉందని నీళ్లు పోసి మూతపెట్టే వంటలన్నీ ఈ నడిమి కాలంలో చిక్కుకున్నవే. పెద్దకూరకు గట్టిదన్న పేరు తెచ్చింది కూడా ఈ నడిమి కాలమే.

మన వంటల్లో ఎక్కువ భాగం రెండో ఒడ్డున ఉన్నాయి. తెలంగాణలో పుంటికూరతో వండే పెద్దకూర, చింతపండు పులుసుతో శనగపప్పు వేసిన దాల్చా, తెల్లవార్లూ ఉడికే నహారీ, హైదరాబాదులో కల్యాణి బిర్యానీ, అన్నీ నిదానం మీద నడిచేవే. పల్లెల్లో మాంసాన్ని పొడుగ్గా వరసలు కోసి ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన తునకలు కూడా నీళ్లలో చాలాసేపు ఉడికాకే మెత్తబడతాయి. ఆ తునకల కూరకు సాటి వచ్చేది ఇంకోటి లేదని నా నమ్మకం, కానీ అది ఆదివారం వంట.

మొదటి ఒడ్డు మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. హైదరాబాదు పత్థర్ కా గోష్త్ గుర్తు చేసుకోండి. కింద నిప్పులు పెట్టి కాల్చిన గ్రానైట్ రాయి మీద పల్చటి మాంసం ముక్కలు వేసి అటూ ఇటూ తిప్పి తీసేస్తారు. పసందే అని పల్చగా చరిచి చేసేదీ ఆ దారిదే. చైనా వాళ్లు ఇదే పనిని లోతైన ఇనుప మూకుట్లో, కూరగాయలు కలిపి చేస్తారు. ఆ మూకుడు పేరే వోక్. 1945లో అమెరికాలో బువే యాంగ్ చావ్ అనే చైనా డాక్టరమ్మ రాసిన వంటల పుస్తకం వచ్చింది. స్టిర్ ఫ్రై అనే పేరు ఇంగ్లిషులో స్థిరపడింది ఆ పుస్తకంతోనే. మన దేశానికి ఈ మూకుడు ఆవిడ కంటే చాలా ముందే, కలకత్తాలో స్థిరపడ్డ హక్కా చైనీయులతో వచ్చేసింది. వాళ్ల చేతివంటకు మన పచ్చిమిరపకాయా వెల్లుల్లీ తోడై ఇవాళ సందు చివర బండి దాకా చేరింది.

సరే, మార్కెట్‌కు వెళదాం. అడగాల్సింది అండర్‌కట్. వెన్నెముక లోపలి వైపు ఉండే పొడవాటి కండ. పశువు దాన్ని పెద్దగా వాడదు కాబట్టి అన్నిటికంటే మెత్తగా ఉంటుంది. ఆలస్యంగా వెళితే మాత్రం దుకాణంలో మాట ఇలా నడుస్తుంది.

"భాయ్, అండర్‌కట్ ఉందా?"

"లేదక్కా, పొద్దుగాలనే హోటలోళ్లు తీస్కపోయిండ్రు. తొడ మాంసం మంచిగుంది, ఇయ్యనా? కూరకేనా?"

"కూరకు కాదు భాయ్. బొక్క లేకుండా ముద్దగా ఇవ్వు, ఇంటి దగ్గర పల్చగా కోసుకుంటాను."

"పసందేకా? నేనే కోసిస్త గద."

"కూరగాయలు వేసి వేయిస్తాను."

"పెద్దకూరల కూరగాయలా!" అని ఆయన కత్తి ఆపి మరీ మన ముఖంలోకి చూస్తాడు.

తొడ మాంసం నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. అండర్‌కట్ కంటే కొంచెం గట్టిదే, కానీ రుచి దానికే ఎక్కువ. పసందే కోత ఆయన చేత్తో కోసిచ్చినా బాగానే ఉంటుంది, కాకపోతే పోగు ఎటు నడుస్తోందో మీరే చూసుకుని కోసుకుంటే ఇంకా మేలు. కాలి కండ, మెడ, పక్కటెముకల మాంసం మాత్రం ఈ వంటకు వద్దు. వాటిలో పొరలు ఎక్కువ, వాటి చోటు కుక్కర్‌లోనే.

ఇంకో సంగతి. తెల్లవారుజామున కోసిన మాంసం తొమ్మిదింటికి మన సంచీలో ఉంటుంది. తాజా మాంసమని సంతోషిస్తాం. ఉడికించే కూరకైతే సరే. వేపుడుకు మాత్రం అంత తాజాదనం అడ్డు. ప్రాణం పోయిన కొన్ని గంటలకు పశువు కండలు బిగుసుకుంటాయి, ఆ బిగువు సడలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకని ఇవాళ తెచ్చిన మాంసాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి, రేపు సాయంత్రం వండండి. ఖర్చు లేని ఉపాయం.

వండే రోజు ఆ ముద్దను అరగంట, నలభై నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా కానివ్వకండి, పైన కాస్త గట్టిపడితే చాలు. అప్పుడు కత్తి కింద జారకుండా నిలబడుతుంది. ఇప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. కండ మీద సన్నటి గీతలు ఒకే వైపుకు సాగుతూ కనిపిస్తాయి. అవే పోగులు. కత్తి ఆ గీతల వెంట నడవకూడదు. వాటికి అడ్డంగా పడాలి. చీపురుకట్టను నిలువునా రెండుగా చీలిస్తే రెండు చీపుర్లవుతాయి, పుల్ల పొడవు తగ్గదు. అడ్డంగా నరికితే పొట్టి పుల్లలవుతాయి. పోగు పొట్టిదైతే పన్నుకు పని తక్కువ. పోగు వెంట కోసిన ముక్కను ఎంత గొప్ప వంటవాడి చేతికిచ్చినా మెత్తగా తేలేడు. మందం 3 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. కోసేటప్పుడు కనిపించిన తెల్లటి పొరలన్నీ తీసి పక్కన పెట్టండి. మూడు నిమిషాల్లో అవి కరగవు.

కాగితం, పెన్ను దగ్గరుంటే అందుకోండి. నలుగురికి సరిపోయే లెక్క చెబుతాను, నెమ్మదిగానే చెబుతాను. మాంసం 400 గ్రాములు. తొడ మాంసమైతే అందులో పావు టీస్పూను కంటే కాస్త ఎక్కువ వంటసోడా, రెండు చెంచాల నీళ్లు వేసి కలిపి ఇరవై నిమిషాలు వదిలేయండి. సోడా క్షారం కదా, అది ఉన్నచోట మాంసకృత్తులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడలేవు, నీరు లోపలే నిలుస్తుంది. తర్వాత చల్లటి నీళ్లతో కడిగి, గట్టిగా పిండి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దేయండి. సోడా ఎక్కువైనా, కడగకపోయినా సబ్బు రుచి తగులుతుంది. అండర్‌కట్‌కు సోడా అవసరమే లేదు.

పచ్చి బొప్పాయి వేయొచ్చు కదా అని అడుగుతారు, హైదరాబాదీ వంట తెలిసినవాళ్లు మరీను. కబాబ్‌కు అది మహారాజు. ఇంత పల్చటి ముక్కకు మాత్రం పనికిరాదు. బొప్పాయిలోని రసం పోగులనే తినేస్తుంది, ముక్క పైపైన పిండిపిండిగా అయిపోయి మూకుట్లో ముద్దకడుతుంది.

తడి అద్దిన మాంసానికి ఒక టేబుల్ స్పూను సోయా సాస్, ఒకటిన్నర టీస్పూన్ల మొక్కజొన్న పిండి, అంటే తెల్లటి కార్న్‌ఫ్లోర్, అర టీస్పూను మిరియాల పొడి, ఒక టీస్పూను నూనె పట్టించండి. ఉప్పు వేయకండి. సోయాలో ఉప్పు బోలెడుంది. కార్న్‌ఫ్లోర్ ముక్క చుట్టూ పలుచని పొర కట్టి లోపలి రసాన్ని కాపాడుతుంది, చివర్లో పోసే సాస్ కూడా ఆ పొరకే అంటుకుంటుంది. చైనా వంటశాలల్లో దీనికి గుడ్డు తెల్లసొన కూడా కలుపుతారు. ఇంట్లో దాని అవసరం నాకు కనిపించలేదు. పావుగంట నానితే చాలు.

ఆ పావుగంటలో కూరగాయలు. ఒక క్యారెట్, పది పన్నెండు బీన్స్, ఒక పెద్ద క్యాప్సికమ్, ఒక పెద్ద ఉల్లిపాయ. ఉంటే గుప్పెడు క్యాబేజీ, కొన్ని ఉల్లికాడలు. క్యారెట్, బీన్స్ ఏటవాలుగా పల్చగా కోయండి. క్యాప్సికమ్ వేలి వెడల్పు, ఉల్లిపాయ పెద్ద రేకులు. కూరగాయలను కోయడానికి గంట ముందే కడిగి ఆరబెట్టుకోవడం చాలా ముఖ్యం. తడితో మూకుట్లో పడ్డ కూరగాయ వేగదు, ఉడుకుతుంది. బీరకాయ, సొరకాయ, టమాటా జోలికి పోకండి, అవి నీళ్లు వదిలి మన శ్రమంతా పులుసు చేసేస్తాయి. సీమ వంకాయ పల్చగా కోస్తే బాగుంటుంది. గోరుచిక్కుడు వేయాలనుకుంటే ముందే ఉడికించుకోవాలి.

ఇక అంగుళం అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరగండి. పేస్టు వద్దు, పేస్టు ఈ వేడికి అడుగంటి మాడుతుంది. నాలుగు ఎండుమిరపకాయలు తుంచి పెట్టుకోండి. ఒక గిన్నెలో సోయా ఒక టేబుల్ స్పూను, వెనిగర్ ఒక టీస్పూను, పంచదార అర టీస్పూను, కార్న్‌ఫ్లోర్ ఒక టీస్పూను, నీళ్లు నాలుగు టేబుల్ స్పూన్లు కలిపి పక్కన పెట్టండి. అన్నం అప్పటికే అయిపోయి ఉండాలి. మంట వెలిగించాక ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా తీరిక ఉండదు.

పాత్ర గురించి కొంచెం పట్టుబడతాను. నాన్‌స్టిక్ వద్దు. దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడి పొగలు వదులుతుంది, ఈ వంటకు కావాల్సింది ఆ దరిదాపుల వేడే. మీ అమ్మమ్మ వాడిన ఇనప మూకుడు అటక మీద ఉంటే దింపండి. లేదంటే మందపాటి ఇనప దోసె పెనం కూడా పనిచేస్తుంది, అంచు లేదు కాబట్టి కాస్త జాగ్రత్తగా కలపాలి. బరువైన ఇనుము వేడిని దాచుకుంటుంది. చల్లటి మాంసం పడ్డప్పుడు ఆ దాచిన వేడే మనల్ని కాపాడుతుంది. హోటల్ వంటవాడి బర్నర్ మన ఇంటి పొయ్యి కంటే ఎన్నో రెట్లు బలమైంది, అతను కిలో మాంసం ఒకేసారి వేసినా మూకుడు చల్లబడదు. మనం వేస్తే చల్లబడుతుంది, మాంసం నీళ్లు వదులుతుంది. నీళ్లున్నంత సేపు వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం గోధుమ రంగు తిరిగి, ఆ కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీలు దాటాలి. ఆ మార్పును 1912లో మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దానికి పెట్టారు. అందుకని మనకున్న దారి ఒక్కటే, మాంసాన్ని రెండు వాయిలుగా వేయించడం. తొందరపడి ఒకే వాయి చేస్తే మిగిలేది బూడిదరంగు ఉడుకుముక్కలు.

పెద్ద బర్నర్ మీద మూకుడు పెట్టి, మంట పూర్తిగా తెరవండి. కిటికీ తెరవండి, ఫ్యాన్ ఉంటే వేయండి. రెండు మూడు నిమిషాలు కాలాక ఒక నీటిచుక్క వేసి చూడండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా కాలలేదు. చుక్క గుండ్రంగా అయి మూకుడంతా పరుగులు పెడితే, కాలినట్టే. మూకుట్లో నీరేమీ మిగల్లేదని చూసుకుని ఒక టేబుల్ స్పూను వేరుశెనగ నూనె చుట్టూ జారేలా పోయండి. చైనాలో కాంటన్ వంటవాళ్లకూ ఇష్టమైన నూనె అదే. సగం మాంసం వేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడండి. కలపాలనిపిస్తుంది, కలపకండి. నలభై, యాభై సెకన్లు అలా వదిలేస్తే అడుగు రంగు తిరుగుతుంది. అప్పుడు గరిటెతో ఎత్తి తిప్పి, ఇంకో అర నిమిషం అటూ ఇటూ కలిపి, పచ్చి ఎరుపు పోగానే పళ్లెంలోకి తీసేయండి. ముక్క పల్చటిది కాబట్టి ఆ కాస్త వ్యవధిలో వేడి లోపలిదాకా చేరుతుంది. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోకి మాత్రం తీయకండి, వేరే పళ్లెం పెట్టుకోండి. మూకుడు మళ్లీ కాలనిచ్చి రెండో వాయి.

మాంసం తీశాక ఇంకో చెంచా నూనె. ఎండుమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి వేసి పదిహేను సెకన్లు, వాసన రాగానే క్యారెట్, బీన్స్. ఒకటిన్నర నిమిషం కలుపుతూ, మధ్యలో ఒక్క చెంచా నీళ్లు చిలకరించండి. ఆ ఆవిరికి అవి సగం ఉడుకుతాయి. తర్వాత ఉల్లిపాయ, క్యాబేజీ, క్యాప్సికమ్, ఒక నిమిషం. క్యాప్సికమ్ రంగు ఇంకా మెరుస్తుండగానే పళ్లెంలోని మాంసం, దాని నుంచి కారిన రసంతో సహా మూకుట్లోకి వంపేయండి. కలిపి పెట్టుకున్న సాస్‌ను ఒకసారి తిప్పి, మూకుడు అంచుల వెంబడి పోయండి. అంచు మీద అది చిటపటలాడి చిక్కబడుతుంది. అర నిమిషం గట్టిగా కలిపి, ప్రతి ముక్కకూ నిగనిగలాడే పూత పట్టగానే ఉల్లికాడలు చల్లి దింపేయండి. రుచి చూసి అప్పుడు కావాలంటే చిటికెడు ఉప్పు.

గరం మసాలా, ధనియాల పొడి, పసుపు వేయాలని చెయ్యి లాగుతుంది. ఆ చేతిని ఆపండి. ఈ మంటకు పొడులన్నీ క్షణంలో మాడి చేదెక్కుతాయి. మన రుచి కావాలనిపిస్తే దారి వేరే ఉంది. సోయా, వెనిగర్ మానేసి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు టీస్పూన్లు, రెండు రెమ్మల కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు, తగినంత ఉప్పుతో వేయించి, దింపాక నిమ్మకాయ పిండండి. కార్న్‌ఫ్లోర్ పట్టించడం, రెండు వాయిలు, మంట, అన్నీ అవే. నిజం చెప్పాలంటే జొన్నరొట్టెలోకి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. సోయా వేసినది వేడి వేడి అన్నంలోకి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండి ఇంటర్నెట్‌లో ఈ ప్రసారం వినేవాళ్లుంటే, మీ పని ఇంకా సులువు. ఫ్లాంక్ స్టేక్ అని అడగండి. దాని పోగులు తాళ్లంత స్పష్టంగా కనిపిస్తాయి, అడ్డంగా కోయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి ముక్క లేదు. అక్కడ మాంసం దుకాణానికి వచ్చేసరికే కొన్ని రోజులు శీతల గదుల్లో ఉండి వస్తుంది కాబట్టి మళ్లీ ఫ్రిజ్‌లో నిలవబెట్టక్కర్లేదు. సోడా కూడా తగ్గించుకోవచ్చు.

మిగిలితే రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వేడిచేసేటప్పుడు మూతపెట్టి మగ్గిస్తే ముక్క మళ్లీ ఆ నడిమి కాలంలోకి జారిపోతుంది. మూకుడు బాగా కాల్చి, మాంసాన్ని పొగలొచ్చేంత వేడెక్కేదాకా మాత్రమే తిప్పండి. ఇంకా మంచిది, రాత్రి మిగిలిన అన్నం, రెండు గుడ్లు కలిపి వేయించేయడం. పిల్లల టిఫిన్ డబ్బాకు సరిపోతుంది.

ఇనప మూకుడు వేడిగా ఉండగానే వేడినీళ్లు పోసి కొబ్బరి పీచుతో రుద్దేయండి. సబ్బులో నానబెట్టకండి. మళ్లీ పొయ్యి మీద పెట్టి తడంతా ఆరనిచ్చి, అర చెంచా నూనె రాసి తుడిచి బోర్లించండి. నెల రోజులు వాడితే నల్లగా నునుపెక్కి, మాంసం అడుగంటడం మానేస్తుంది.